ప్రాణం ఖరీదు, మనిషి విలువ: పరిహారం లెక్కలు దేన్ని కొలుస్తున్నాయి?

పెద్ద ప్రమాదం జరిగిన మర్నాడు పత్రికల మొదటి పేజీలో రెండు అంకెలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి మృతుల సంఖ్య, రెండోది ఒక్కో కుటుంబానికి ప్రకటించిన మొత్తం. మొదటిదాన్ని చూసి బాధపడే పాఠకుడు రెండోదాన్ని చూసి తికమకపడతాడు. 2020 మే 7న విశాఖపట్నం శివారు ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించింది. ఆ మరుసటి ఏడాది కోవిడ్ మృతుల కుటుంబాలకు దేశమంతటికీ ఖరారైన సాయం 50,000 రూపాయలు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన విమానంలో ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలకు టాటా గ్రూపు కోటి రూపాయల చొప్పున ప్రకటించింది. రైలు ప్రమాదంలో ప్రయాణికుడు చనిపోతే చట్టం చెప్పే మొత్తం 8 లక్షలు. గుర్తు తెలియని వాహనం ఢీకొట్టి పోతే 2 లక్షలు.

వీటిని వరసగా చదివితే ఒక ప్రశ్న దానంతటదే ఎదురవుతుంది. మనిషి ప్రాణానికి తనదైన విలువ ఉందా, లేక అది చనిపోయిన చోటును బట్టి, సంపాదనను బట్టి మారిపోతుందా?

క్లుప్తంగా: పరిహారం లెక్కలు చాలావరకు చనిపోయిన మనిషి విలువను కొలవవు. అతని మరణంతో బతికున్నవారు పోగొట్టుకున్న ఆదాయాన్ని కొలుస్తాయి. సంపాదన లేని మనుషుల దగ్గరకు వచ్చేసరికి ఈ లెక్క తడబడుతుంది. ఆ తడబాటును సరిదిద్దడానికి కోర్టులు చేసిన ప్రయత్నాల్లోనే స్వతస్సిద్ధ విలువ, అంటే సంపాదనతో నిమిత్తం లేకుండా మనిషికి మనిషిగా ఉండే విలువ, అనే భావన చట్టంలోకి కొద్దికొద్దిగా ప్రవేశించింది.

## లెక్క ఎక్కడ మొదలైంది

పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో ఇంగ్లండ్ కోర్టుల నియమం ఈ రోజు వింటే నమ్మబుద్ధి కాదు. 1808లో గుర్రపు బండి బోల్తాపడి ఒక ప్రయాణికుడి భార్య గాయపడి, నెల రోజులకు చనిపోయింది. భర్త దావా వేశాడు. ఆమె మంచాన ఉన్న నెల రోజులకు అతనికి పరిహారం దక్కింది. మరణానికి మాత్రం దక్కలేదు. మనిషి మరణాన్ని సివిల్ కోర్టులో నష్టంగా చెప్పుకునే వీలు లేదన్నాడు న్యాయమూర్తి. అంటే కాలు విరగ్గొట్టినవాడు డబ్బు కట్టాలి, ప్రాణం తీసినవాడు కట్టనక్కరలేదు.

రైళ్లు వచ్చి ప్రమాదాలు పెరిగాక ఈ నియమం నిలవలేదు. 1846లో ఇంగ్లండ్‌లోనూ, 1855లో భారతదేశంలోనూ ప్రాణాంతక ప్రమాదాల చట్టాలు వచ్చాయి. అయితే అవి పాత గోడను కూలగొట్టలేదు, దానికొక తలుపు మాత్రం పెట్టాయి. చనిపోయిన వ్యక్తి మీద ఆధారపడిన భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు తాము పోగొట్టుకున్న ఆసరా కోసం దావా వేయవచ్చన్నాయి. పోయిన ప్రాణం సంగతి ఆ చట్టాలు ఎత్తలేదు. ఆగిపోయిన రాబడి సంగతే ఎత్తాయి. ఇప్పటి మోటారు ప్రమాద ట్రైబ్యునళ్లు వేసే లెక్కకు వేర్లు అక్కడే ఉన్నాయి.

## మల్టిప్లయర్ పద్ధతి

రోడ్డు ప్రమాద మరణాల్లో లెక్క వేసే పద్ధతిని సుప్రీంకోర్టు రెండు తీర్పుల్లో స్థిరపరిచింది. 2009 నాటి సరళా వర్మ తీర్పు, ఏడాది ఆదాయాన్ని ఎంతతో హెచ్చవేయాలో చెప్పే గుణకాన్ని (మల్టిప్లయర్) వయసును బట్టి నిర్ణయించింది. 2017లో ప్రణయ్ సేథీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, చనిపోయిన వ్యక్తి బతికి ఉంటే ఆదాయం ఎంత పెరిగేదో దాన్ని కూడా లెక్కలో కలపాలని చెప్పి శాతాలు ఖరారు చేసింది.

ముప్పై ఏళ్ల ప్రైవేటు ఉద్యోగిని ఊహించుకుంటే పద్ధతి తేలిగ్గా అర్థమవుతుంది. అతని జీతం నెలకు 30,000, శాశ్వత ఉద్యోగం కాదు, మీద ఆధారపడినవారు భార్య, బిడ్డ, తల్లి. ఏడాది ఆదాయం 3,60,000. నలభై ఏళ్లలోపు వాడు కనుక భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 5,04,000. అందులో మూడో వంతు అతను తన కోసం ఖర్చు పెట్టుకునేవాడని తీసేస్తారు. మిగిలేది 3,36,000. ఆ వయసుకు గుణకం 17. హెచ్చవేస్తే 57,12,000 రూపాయలు. దీనికి అంత్యక్రియల ఖర్చు, కుటుంబ సాహచర్యం పోయినందుకు ఇచ్చే చిన్న మొత్తాలు కలుస్తాయి.

అదే వయసు, అదే కుటుంబం, కానీ నెలకు 10,000 తెచ్చుకునే కూలీ అయితే ఇదే లెక్క 19,04,000 దగ్గర ఆగుతుంది. అంతే సంపాదించే 66 ఏళ్ల వృద్ధుడికి గుణకం 5. భవిష్యత్తు పెరుగుదల ఉండదు. మూడో వంతు తీసేస్తే మొత్తం 4 లక్షలు.

ముగ్గురినీ ఒకే లారీ ఢీకొని ఉండవచ్చు. తీర్పు ప్రతులు పక్కపక్కన పెడితే ఒకరి ప్రాణం మరొకరి ప్రాణానికి పద్నాలుగు రెట్లున్నట్టు కనిపిస్తుంది. లెక్క ఉద్దేశం అది కాదు. ఆ ఇంటికి నెల నెలా వచ్చే డబ్బు ఆగిపోయింది, దాన్ని ఒకేసారి ఎంత ఇస్తే పూడ్చవచ్చన్నదే దాని ప్రశ్న. ఆ ప్రశ్నకు అది నిజాయితీగానే జవాబిస్తుంది. పిల్లల చదువు ఆగకూడదంటే, అప్పు వాయిదాలు తప్పకూడదంటే ఆదాయం చూడక తప్పదు. అయితే కాగితం మీద "మరణానికి పరిహారం" అని ఉన్నప్పుడు కూలీ భార్యకు ఈ తేడా అర్థం కావాలని ఆశించడం కష్టం. ఆమెకు తెలిసేది ఒక్కటే, తన భర్తకు ఇంత కట్టారు, పక్కింటి ఆమె భర్తకు అంత కట్టారు.

రైల్వే పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ ఆదాయం అడగరు. 2017 జనవరి 1 నుంచి మరణానికి 8 లక్షలు, అంతకు ముందు 4 లక్షలు. ఏసీ బోగీలో వెళ్లే వ్యాపారికీ, జనరల్ బోగీలో నిలబడి వలస వెళ్లే కూలీకీ ఒకటే మొత్తం. సమానత్వం కనిపిస్తుంది, నిజమే. కానీ నలుగురిని పోషించే మనిషి పోయిన ఇంట్లో 8 లక్షలు ఎన్నేళ్లు వస్తాయన్న ప్రశ్న అలాగే మిగులుతుంది. ఒక పద్ధతికి ఇంటి అవసరం తెలుసు, మనుషుల సమానత్వం తెలియదు. రెండోదానికి సమానత్వం తెలుసు, అవసరం తెలియదు.

## సంపాదన లేనివారి దగ్గర

ఆసరా పోయిన నష్టమే కొలమానమైతే, జీతం లేని మనిషి పోతే నష్టం ఎంత? ఈ ప్రశ్న గృహిణుల రూపంలో కోర్టుల ముందుకు పదే పదే వచ్చింది.

1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన పట్టిక, ఆదాయం లేని వ్యక్తికి ఏడాదికి 15,000 రూపాయల ఊహాత్మక ఆదాయం వేసింది. సంపాదన లేని భార్యకో భర్తకో అయితే, సంపాదించే వారి ఆదాయంలో మూడో వంతు. అంటే భార్య విలువ భర్త జీతాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. 1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ వేడుకలో మంటలు చెలరేగి స్త్రీలు, పిల్లలు పెద్ద సంఖ్యలో చనిపోయారు. ఆ కేసులో 2001లో తీర్పిస్తూ సుప్రీంకోర్టు గృహిణి సేవలకు నెలకు 3,000 రూపాయల అంచనా వేసింది. 2010లో మరో కేసులో న్యాయమూర్తులు ఇంకా లోతుకు వెళ్లారు. 2001 జనగణన గృహిణులను బిచ్చగాళ్లు, ఖైదీలతో కలిపి "పని చేయనివారి" జాబితాలో చేర్చిందని గుర్తుచేసి, అది ఎంత అమానుషమైన వర్గీకరణో తీర్పులో రాశారు.

2021 జనవరిలో వచ్చిన కీర్తి కేసు తీర్పు ఈ వరసలో ముఖ్యమైనది. 2014లో ఢిల్లీలో మోటార్‌సైకిల్‌పై వెళ్తున్న దంపతులు కారు ఢీకొని చనిపోయారు. గృహిణి అయిన భార్యకు ఊహాత్మక ఆదాయంతో పాటు భవిష్యత్తు పెరుగుదల కూడా లెక్కించాలా అన్నది వివాదం. లెక్కించాలని కోర్టు చెప్పింది. తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి. రమణ ఆ తీర్పుకు తన అభిప్రాయాన్ని విడిగా జోడించారు. ఇంటి సభ్యుల కోసం జీతం లేకుండా చేసే పనికి స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు 2019 నాటి జాతీయ సర్వే చెప్పిన అంకెలను ఆయన అందులో ఉదహరించారు. నీళ్లు పట్టడం, వంట, పిల్లల పెంపకం, వృద్ధుల సేవ, పల్లెల్లో అయితే పొలం పని, పశువుల పని, వీటన్నింటినీ లెక్కలోకి తేవడం గృహిణి గౌరవానికి సంబంధించిన విషయమని ఆ అభిప్రాయం సారాంశం.

ఇది గొప్ప ముందడుగు. అయినా ఒక చిక్కు తీరలేదు. గృహిణికి విలువ దక్కింది ఆమె చేసే పని ద్వారానే. పని చేయలేని మనిషి మాటేమిటి?

పిల్లల కేసుల్లో ఈ చిక్కు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పదేళ్ల బాలుడి మరణంలో 2013లో సుప్రీంకోర్టు ఏడాదికి 30,000 ఊహాత్మక ఆదాయం తీసుకుని, గుణకం 15 వేసి, ఇతర మొత్తాలతో కలిపి 5 లక్షలు ఇచ్చింది. బాలుడు ఏం సంపాదించేవాడో ఎవరికీ తెలియదు, తెలుసుకునే దారీ లేదు. తల్లిదండ్రులు పోగొట్టుకున్నది జీతాన్ని కాదన్న సంగతి న్యాయమూర్తులకూ తెలుసు. ఏదో ఒక అంకె వేయాలి కనుక వేశారు.

ఇంకో అంచున సన్యాసి ఉన్నాడు. క్రైస్తవ మఠంలో చేరి, కుటుంబ బంధాలు వదిలేసిన ఒక బ్రదర్ రోడ్డు ప్రమాదంలో చనిపోతే అతని తరఫున మఠమే పరిహారం కోరింది. భార్యాపిల్లలు లేరు, వారసులు లేరు, కనుక చెల్లదన్నది బీమా సంస్థ వాదన. మఠం కూడా చట్టబద్ధ ప్రతినిధి కాగలదని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. అంతకు ముందు 2007లో ఒక తండ్రి మరణించిన కేసులో, వివాహమై ఆయనపై ఆధారపడని కుమార్తెకు కూడా తప్పుతో నిమిత్తం లేకుండా చట్టం ఇచ్చే కనీస మొత్తం దక్కుతుందని చెప్పింది. ఆధారపడినవారు లేనంత మాత్రాన ప్రాణం తీసినవాడి బాధ్యత ఎగిరిపోదని దీని అర్థం. ఆదాయ నష్టం సిద్ధాంతంలో ఇమడని మాట ఇది. ఎవరికీ డబ్బు నష్టం లేకపోయినా ఏదో నష్టం జరిగిందని కోర్టు ఒప్పుకుంటోంది. ఆ "ఏదో" ఏమిటన్నదే అసలు ప్రశ్న.

## ధర వేరు, విలువ వేరు

జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో ఈ తేడాను సూటిగా చెప్పాడు. ధర ఉన్న వస్తువు స్థానంలో అంతే ధర గల మరో వస్తువును పెట్టవచ్చు. ఏ బదులూ లేనిదానికి ఉండేది ధర కాదు, గౌరవం. మనిషి రెండో కోవకు చెందుతాడని ఆయన వాదం. "పోయిన ప్రాణాన్ని తిరిగి తెచ్చివ్వలేం" అని చావు ఇంట్లో పెద్దలు అనే మాటలో ఉన్నదీ ఇదే గ్రహింపు. రెండు ఎద్దుల్లో ఒకటి పోతే సంతలో మరొకటి కొంటారు, ఇద్దరు కొడుకుల్లో ఒకడు పోతే ఆ మాట ఎత్తడానికి కూడా నోరు రాదు.

1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన పీఠికలో ఈ గౌరవం పుట్టుకతో వచ్చినదన్న భావన ఉంది. ఆ ప్రకటన మొదటి అధికరణంలో "పురుషులందరూ" అన్న అర్థం వచ్చే పదాన్ని "మానవులందరూ" అని మార్పించింది భారత ప్రతినిధి హంసా మెహతా. భారత రాజ్యాంగ పీఠికలో వ్యక్తి గౌరవం ప్రస్తావన ఉంది. 21వ అధికరణం జీవించే హక్కును పౌరులకే పరిమితం చేయకుండా "ఏ వ్యక్తి" అన్న పదం వాడింది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. స్వతస్సిద్ధ విలువను ఎవరూ చూపించలేరు. రక్తపరీక్షలో అది తేలదు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలకు, అతని వల్ల ఇతరులకు కలిగే మేలుకు విలువ ఉంది కానీ, వాటికి వెనక మరో విలువ ఉందనడం నమ్మకమే తప్ప నిరూపణ కాదని ఈ పక్షం అంటుంది. దీన్ని తోసిపుచ్చలేం. నిజమే, అది వస్తువు లక్షణంలా కనిపించేది కాదు. కానీ ఈ అభ్యంతరాన్ని చివరిదాకా తీసుకువెళితే, ఎవరికీ మేలు చేయలేని, ఎవరూ తలచుకోని మనిషిని చంపడం చిన్న తప్పు అవుతుంది. ఏ నాగరిక దేశపు నేరచట్టమూ ఆ మాట ఒప్పుకోదు. హత్యకు శిక్ష హతుడి జీతాన్ని బట్టి మారదు. అనాథను చంపినా, మంత్రిని చంపినా చట్టంలో సెక్షన్ ఒకటే. సివిల్ కోర్టులో కనిపించని విలువ క్రిమినల్ కోర్టులో కనిపించడానికి కారణం ఉంది. ఒకచోట అడిగేది బతికున్నవారి నష్టం గురించి, మరోచోట అడిగేది చనిపోయిన మనిషికి జరిగిన అన్యాయం గురించి.

## కోయిలకుంట్ల సబ్ జైలు

ఈ రెండు ప్రశ్నలూ కలిసిన కేసు రాయలసీమలోనే ఉంది. 1977 మే నెలలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైలులో రిమాండులో ఉన్న తండ్రీకొడుకుల మీద రాత్రివేళ బాంబు దాడి జరిగింది. తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బతికాడు. తమకు ప్రాణహాని ఉందని వారు ముందే చెప్పుకున్నారు. తగిన కాపలా లేదు. కుటుంబం నష్టపరిహారం కోరితే ప్రభుత్వం తరఫున వచ్చిన ప్రధాన వాదన సార్వభౌమ రక్షణ. జైళ్ల నిర్వహణ రాజ్యం చేసే పని, ఆ పనిలో జరిగిన లోపానికి దావా చెల్లదని ఆ వాదన. దీనికి 1965 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఆసరాగా ఉంది.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని తిరస్కరించి 1,44,000 రూపాయలు ఇప్పించింది. 2000లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఖైదీ అయినా మనిషే, అతని జీవించే హక్కు ముందు సార్వభౌమ రక్షణ అనే పాత కవచం నిలవదని చెప్పింది. మొత్తం చిన్నది. కానీ అది ఆగిపోయిన రాబడిని పూడ్చడంతో సరిపెట్టలేదు. రాజ్యం ఒక మనిషి పట్ల తన బాధ్యత తప్పిందని కూడా ఆ తీర్పు నమోదు చేసింది. కోర్టు మెట్లెక్కిన చాలా కుటుంబాలు డబ్బుతో పాటు, ఒక్కోసారి డబ్బు కన్నా ముందు, కోరుకునేది ఈ నమోదునే.

## గీత గీసినచోట

ప్రభుత్వ పథకాలు ఇంకో సమస్యను ఎదుర్కొంటాయి. వాటికి ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. తెలంగాణలో 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా మంచి ఉదాహరణ. పట్టాదారు పాసుపుస్తకం ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. ప్రీమియం ప్రభుత్వమే ఎల్‌ఐసీకి కడుతుంది. ఎకరం ఉన్నవాడికీ పదెకరాలు ఉన్నవాడికీ మొత్తం ఒకటే కావడం, మరణానికి కారణం ఏమిటని అడగకపోవడం ఈ పథకంలోని మేలైన అంశాలు. సాయం కోసం ఆత్మహత్యే అని రుజువు చేసుకోవడానికి కుటుంబాలు కాగితాలు పట్టుకుని తిరిగే దుస్థితి దీనివల్ల తగ్గింది.

కానీ 60వ ఏట అడుగుపెట్టిన రైతు ఈ పథకం కిందికి రాలేదు, సొంత భూమి లేని కౌలు రైతు రాలేదు. వయసు పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది, పాసుపుస్తకం లేకపోతే గుర్తింపు కష్టం, ఇవీ పాలనాపరమైన కారణాలు. అవి అబద్ధాలు కావు. అయితే పక్కపక్క పొలాల్లో పనిచేసే ఇద్దరిలో ఒకరి చావుకు ఊళ్లో అధికారి వచ్చి, మరొకరి చావుకు రాకపోతే, ఆ ఊరు నేర్చుకునే పాఠం పాలనా కారణాల్లో ఇమడదు.

## న్యూయార్క్ అనుభవం

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికా ప్రభుత్వం బాధితులకు నిధి పెట్టింది. పంపిణీ బాధ్యత కెన్నెత్ ఫైన్‌బర్గ్ అనే న్యాయవాదికి అప్పగించింది. చట్టం ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోమంది. చివరికి మృతుల కుటుంబాలకు దక్కిన మొత్తాలు కనిష్ఠంగా రెండున్నర లక్షల డాలర్ల నుంచి గరిష్ఠంగా 71 లక్షల డాలర్ల దాకా వెళ్లాయి. మంటల్లోకి వెళ్లి చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది కుటుంబాలు, పై అంతస్తుల్లో పనిచేసిన ఫైనాన్స్ ఉద్యోగుల కుటుంబాలకు తమకన్నా ఎక్కువ ఎందుకని అడిగాయి. ఇది మళ్లీ చేయాల్సి వస్తే అందరికీ ఒకే మొత్తం ఇవ్వాలని ఫైన్‌బర్గ్ తర్వాత బహిరంగంగా చెప్పాడు. 2007లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో కాల్పులు జరిగాక విరాళాల నిధి అతని చేతికి వచ్చింది. అక్కడ చనిపోయిన విద్యార్థికీ, అధ్యాపకుడికీ ఒకే మొత్తం ఇచ్చాడు. వేల కుటుంబాలతో ముఖాముఖి మాట్లాడిన మనిషి చేరుకున్న నిర్ణయం కనుక దీనికి బరువుంది.

అమెరికాలోనే వాడుకలో ఉన్న మరో లెక్కను కూడా చాలామంది అపార్థం చేసుకుంటారు. కాలుష్య నియమాల వల్ల కలిగే ప్రయోజనాన్ని డబ్బులో చూపడానికి అక్కడి సంస్థలు "గణాంక ప్రాణం విలువ" అనే అంకె వాడతాయి. ఉదాహరణకు లక్షమంది ఉన్న పట్టణంలో ఏడాదికి ఒక మరణాన్ని తప్పించే ఏర్పాటు కోసం ఒక్కొక్కరు 500 రూపాయలు ఇవ్వడానికి సిద్ధపడితే, ఆ అంకె 5 కోట్లు. ఇది ఏ ఒక్కరి ప్రాణానికీ కట్టిన ధర కాదు, చిన్న ప్రమాదాన్ని తగ్గించుకోవడానికి అందరూ కలిసి పెట్టదలచిన ఖర్చు. అయినా 2003లో అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఒక విశ్లేషణలో 70 ఏళ్లు దాటినవారికి ఈ అంకెను 37 శాతం తగ్గించి చూపినప్పుడు వృద్ధులు భగ్గుమన్నారు. సంస్థ ఆ పద్ధతిని పక్కనపెట్టింది. లెక్కల నిపుణుల దృష్టిలో అది మిగిలిన ఆయుష్షుకు సంబంధించిన సవరణ. వృద్ధులు దాన్ని తమ మీద ఇచ్చిన తీర్పుగా విన్నారు. వారు విన్నది తప్పని చెప్పడానికి లేదు. తక్కువ అంకె వేస్తే తక్కువ రక్షణ వస్తుంది, అది ఆ లెక్క పనిచేసే తీరులోనే ఉంది.

## మ్యాన్‌హోల్ దగ్గర

తక్కువ అంకె వేస్తే తక్కువ రక్షణ అన్న మాట భారతదేశంలో మురుగు కాల్వల దగ్గర అక్షరాలా నిజం. మ్యాన్‌హోల్‌లోకి దిగి విషవాయువుకు బలయ్యే మనిషి కాంట్రాక్టరు దగ్గర దినకూలీ. ఆదాయం చూసి లెక్క వేస్తే చిన్న మొత్తం వస్తుంది. ఆ చిన్న మొత్తం యంత్రం కొనడం కన్నా చౌక. పేదవాడి చావు చౌక కావడం వల్ల పేదవాణ్నే దింపడం లాభసాటి అవుతుంది. అందుకే ఇక్కడ ఆదాయం లెక్క అన్యాయాన్ని కొలవడంతో ఆగదు, దాన్ని కొనసాగిస్తుంది కూడా.

తెలుగు మూలాలున్న బెజవాడ విల్సన్, ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ తదితరులు నిలబెట్టిన, చేతులతో మలం ఎత్తించే పనికి వ్యతిరేకంగా పోరాడే సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు మరో దారి పట్టింది. కూలీ ఎంత, వయసెంత, ఆధారపడినవారు ఎందరు అన్న ప్రశ్నలు పక్కనపెట్టి, ప్రతి మరణానికి 10 లక్షలు ఇవ్వాలని ఆదేశించింది. 2023 అక్టోబరులో మరో తీర్పు దాన్ని 30 లక్షలకు పెంచింది. నెలకు 10,000 తెచ్చుకునే ముప్పై ఏళ్ల కూలీకి మల్టిప్లయర్ పద్ధతిలో వచ్చే 19 లక్షల కన్నా ఇది ఎక్కువ. ఇక్కడ అంకె అతని సంపాదన లెక్కను దాటింది.

2014 తీర్పులో ఇంకో ఆదేశం ఉంది. పరిహారం ఆ రోజు నుంచి కాదు, 1993 నుంచి మురుగు కాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ ఇవ్వాలి. డబ్బు ఇవ్వాలంటే ముందు కుటుంబాన్ని వెతకాలి. కుటుంబాన్ని వెతకాలంటే ఎవరు, ఏ ఊళ్లో, ఏ రోజు దిగి తిరిగి రాలేదో రాయాలి. అంతవరకూ ఏ రిజిస్టరులోనూ లేని మనుషుల పేర్లు అలా జిల్లా కార్యాలయాల జాబితాల్లోకి ఒక్కొక్కటిగా ఎక్కడం మొదలైంది.